పెట్టె మీద మిగిలిన తాళం

ఆ ఉదయం కరెంటు బాబాయి స్నానాల గదిలో పెట్టిన కేకకి గోడ మీద పడుకున్న పిల్లి ఉలిక్కిపడి అవతలి వీధిలోకి దూకేసింది.

"కరెంటొస్తోందీ! పక్కకి తప్పుకోండీ!"

"ఇంట్లో కరెంటు ఉందండీ, ఎక్కడికీ పోలేదు. ముందు మీరు బయటికి రండి, అమ్మాయికి బస్సు టైమవుతోంది" అంది వంటింట్లోంచి ఆయన భార్య.

బాబాయి గొంతు సవరించుకుని మళ్లీ కేక పెట్టాడు. ఈసారి 'పక్కకి' దగ్గర కాస్త సాగదీశాడు. అలా సాగదీస్తేనే బాగుందనుకున్నాడు. బొగ్గుగనిలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఆయనకిదే ఆఖరి షిఫ్టు. రేపటినుంచి ఇంట్లో ఫ్యాను తిరక్కపోతే చూసుకోవడం తప్ప ఆయనకి వేరే ఉద్యోగం లేదు.

ఆ గనిలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే కరెంటు మనిషికి దండలూ ఉపన్యాసాలూ ఉండవు. ఆ రోజు మరమ్మతు పనులకోసం ఆపిన కరెంటుని తిరిగి ఇచ్చేది అతనే. దాన్ని ఆఖరి స్విచ్చి అంటారు. పెద్ద స్విచ్చి పెట్టె ముందు నిలబడి, కరెంటొస్తోందని ఒక్క కేక పెడతాడు. ఆ కేకని పక్కవాడు అందుకుంటాడు, వాడి నుంచి ఆ పక్కవాడు, అలా బొగ్గు కోసే చోటు దాకా పోతుంది. అక్కడినుంచి 'సరే' అన్న మాట అదే దారిలో వెనక్కి వస్తుంది. అప్పుడు హ్యాండిల్ తిప్పుతాడు. చీకట్లో పడుకున్న బెల్టూ, పంపూ, కోత యంత్రమూ ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేస్తాయి. అంతే వేడుక. తన పెద్దల ఆఖరి స్విచ్చిలన్నీ బాబాయి పక్కన నిలబడి చూశాడు. ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటూ, నా వంతు ఎప్పుడొస్తుందో అనుకున్నాడు. ఆ వంతు ఇవాళ వచ్చింది. చొక్కాకి ఇస్త్రీ చేయించుకున్నాడు. పైన వేసుకునే ముతక డ్రెస్సులో ఆ ఇస్త్రీ ఎవరికీ కనపడదని భార్య చెప్పినా వినలేదు.

కూతురు బూట్లు కట్టుకుంటూ నవ్వుకుంది. ఆమె కూడా అదే గనిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. చదువుకుని, పరీక్షలు రాసి, తండ్రి పనిచేసే గనికే వచ్చి పడింది. వచ్చిన కొత్తలో, నాన్న ఉన్నాడుగా, అంతా ఆయనే చూసుకుంటాడులే అని చెవులు కొరుక్కున్నవాళ్లు లేకపోలేదు. అందుకే తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. నేల మీద ఉన్నంతసేపే నాన్నా, చిట్టీ. గనిలోకి దిగాక 'ఫోర్‌మన్ గారూ', 'సూపర్‌వైజర్ గారూ'. ఆ ఒప్పందాన్ని బాబాయి కాస్త ఎక్కువగానే పాటించాడు. మిగతావాళ్లు తప్పు చేస్తే ఒక మాట అనేవాడు, కూతుర్ని నాలుగు అనేవాడు. పని బాగా చేస్తే మిగతావాళ్ల భుజం తట్టేవాడు, కూతురి వంక చూసి మాత్రం "ఊఁ" అనేవాడు. ఆ 'ఊఁ' కోసమే చిట్టి పడీపడీ పనిచేసిందని గనిలో అందరికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప.

గుమ్మం దాటుతుంటే భార్య ఎప్పటి మాటే అంది. "తాళంచెవి ఉందా?"

తండ్రీకూతుళ్లిద్దరూ మెడ దగ్గర తడుముకున్నారు. ఇద్దరికీ తాడుకి కట్టిన చెవి ఉంది. అది ఇంటిది కాదు. గనిలో కరెంటు పని చేసే ప్రతి మనిషికీ ఒక ఎర్ర తాళం ఉంటుంది. తీగ మీద పని మొదలుపెట్టేముందు స్విచ్చి ఆపి, ఎవరి తాళం వాళ్లు ఆ పెట్టెకి వేసుకోవాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. ఎవరి చెవి వాళ్ల మెడలోనే. ఒక్క తాళం మిగిలున్నా హ్యాండిల్ తిరగదు. అంటే ఎవడో ఒకడు ఇంకా తీగ మీద చెయ్యి పెట్టి ఉన్నాడని లెక్క.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడ అడిగే మాట కూడా ఒక్కటే. "అందరూ బయటికొచ్చారా?" కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడుగుతుంది. వచ్చారు అంటేనే కంచం పెడుతుంది.

* * *

గని లోపల స్విచ్చి పెట్టె ఉన్న గదికి గోడలన్నీ సున్నం పూసి తెల్లగా ఉంటాయి. నేల మీద పసుపు గీత ఉంటుంది. పనిలో ఉన్న కరెంటు వాళ్లు తప్ప ఎవరూ ఆ గీత దాటకూడదు. ఆ రోజు మరమ్మతు పనుల పర్మిట్ చిట్టి పేరు మీద ఉంది. పర్మిట్ తీసుకున్నవాళ్లదే పెట్టె. ఆఖరి తాళం ఊడి, కరెంటు ఇచ్చేదాకా వాళ్లు అక్కడినుంచి కదలడానికి వీల్లేదు, షిఫ్టు అయిపోయినా సరే.

పొద్దుటినుంచీ పనులు చకచకా సాగాయి. కోత యంత్రానికి కొత్త కేబుల్ వేశారు. తీగలోంచి పిసరంత కరెంటు నేలలోకి కారినా చటుక్కున సరఫరా ఆపేసే రిలేని పరీక్షించారు. ఒక్కొక్కరే వచ్చి తాళం తీసుకుని చిట్టికి చూపించి వెళ్లారు. బాబాయి తన తాళం అందరికంటే ముందే తీసేసుకుని, గీత దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మేనేజరు గారు వచ్చారు. బొగ్గు ఎత్తేవాళ్లూ, బెల్టు వాళ్లూ పని లేక వచ్చి గోడ వారన నిలబడ్డారు. బాబాయి లోలోపల 'పక్కకీ' అని సాగదీసి చూసుకుంటున్నాడు.

"ఇంకొక్క తాళం ఉంది" అంది చిట్టి.

అందరూ చూశారు. పెట్టె మీద ఒకే ఒక్క ఎర్ర తాళం వేలాడుతోంది. దాని మీద ఫిట్టరు ఫోటో ఉంది. పంపుల దగ్గర పనిచేసే ఆ ఫిట్టర్ని అందరూ నత్త అంటారు. పని శుభ్రంగా చేస్తాడు కానీ, వాడు ఒక నట్టు బిగించేలోపు పక్కవాడికి మీసం మొలుస్తుందని జనం వేళాకోళం చేస్తారు.

"నత్తగాడేడి?" అన్నాడు బాబాయి.

ఎవరికీ తెలీదు. పంపు దగ్గర ఎర్త్ తీగ బిగించడానికి వెళ్లాడన్నారు. ఆ పని ఎప్పుడో అయిపోయిందన్నారు. అప్పుడు మనుషుల్ని పైకీ కిందికీ తీసుకెళ్లే బండి డ్రైవరు నెమ్మదిగా నోరు విప్పాడు.

"వాడు పైకెళ్లాడండి. నేనే తీసుకెళ్లాను."

"పైకా? ఎందుకు?"

డ్రైవరు నోట్లో నీళ్లు నమిలాడు. "ఏదో పనుందన్నాడండి. పైకెళ్లాడు, అది మాత్రం నిజం. నా కళ్లతో నేనే చూశాను."

చిట్టి టెలిఫోన్ తీసి పైన దీపాల గదికి ఫోన్ చేసింది. గనిలోకి దిగేవాళ్లంతా తలకి కట్టుకునే దీపం అక్కడే తీసుకుంటారు, పైకెళ్లగానే అక్కడే ఇచ్చేస్తారు. నత్త దీపం ఇంకా రాలేదని చెప్పారు. వాడు అటువైపు కనపడనే లేదన్నారు.

"దీపం రాలేదంటే మనిషి కిందే ఉన్నట్టు" అంది చిట్టి ఫోన్ పెట్టేస్తూ.

"అమ్మా, నేను తీసుకెళ్లానంటున్నా కదా!" డ్రైవరు ఏడుపు మొహం పెట్టాడు.

"మీరు తీసుకెళ్లారు, నేను కాదనను. తరవాత ఇంకో బండిలో దిగి ఉండొచ్చు కదా? నడిచి దిగి ఉండొచ్చు కదా? దీపం చేతికి రావాలి, లేదా మనిషి గొంతు ఫోన్లో వినపడాలి. రెండూ లేకుండా ఆ తాళం తియ్యడానికి వీల్లేదు."

మేనేజరు గారు గడియారం చూసుకున్నారు. పల్లంలో పంపు ఆగి ఉంది. నీళ్లు ఊరుతున్నాయి. కొంప మునిగేంత కాదుగానీ ఊరుతున్నాయి. బొగ్గు పొద్దుటినుంచీ ఆగి ఉంది. ఆయన బాబాయి వైపు తిరిగి నవ్వుతూనే అన్నారు. "తాళం కత్తిరించే అధికారం ఫోర్‌మన్‌కి ఉంది కదా బాబాయి గారూ. మనిషి పైకెళ్లడం చూసినవాడు ఉన్నాడు. మీ ఆఖరి స్విచ్చి ఇలా ఆగిపోతే మాకు మాత్రం బాగుంటుందా?"

బాబాయికి కూడా బాగా లేదు. షిఫ్టు అయ్యేలోపు కరెంటు ఇవ్వకపోతే ఆ ఆఖరి స్విచ్చి ఇక ఆయనది కాదు. షిఫ్టు దిగినవాడు పెట్టె ముట్టుకోకూడదు. అది ఆ గనిలో పెద్ద రూలు. ఆయన గీత దాటి కూతురి ముందుకొచ్చాడు.

"కత్తెర ఇలా ఇవ్వండి సూపర్‌వైజర్ గారూ. నా బాధ్యత."

చిట్టి కదల్లేదు. పెట్టెకి వీపు ఆనించి నిలబడింది.

"పర్మిట్ నా పేరు మీద ఉంది ఫోర్‌మన్ గారూ. దీపం రాలేదు. గొంతు వినపడలేదు. నేను ఇవ్వను."

గోడ వారన ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఇంతమంది ముందు, మేనేజరు గారి ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న రోజున, సొంత కూతురు! ఇంటి దగ్గర చెప్తా నీ పని అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒప్పందం గుర్తొచ్చి మింగేశాడు.

"మంచిది. వాడు లోపలే ఉన్నాడంటున్నారుగా. నేనే వెళ్లి పట్టుకొస్తా" అని చరచరా చీకట్లోకి నడిచాడు. వెనకాలే ముక్కు బయల్దేరాడు. ముక్కు అంటే ఆ భాగం ఓవర్‌మన్, గాలీ గ్యాసూ చూసే మనిషి. చేతిలో మీటరు ఉన్నా ఆయన ముక్కే ముందు పసిగడుతుందని ఆ పేరొచ్చింది.

"ఏమండోయ్, నేను కూడా పైకెళ్లి వెతుకుతానండి!" అని డ్రైవరు తన బండి వైపు పరిగెత్తాడు.

* * *

బాబాయి నత్త కోసమే వెతుకుతున్నానని తనకి తనే చెప్పుకున్నాడు కానీ అది సగమే నిజం. "నత్తోయ్!" అని ఒక కేక పెట్టి, ఆ మీదట దీపాన్ని కేబుల్ మీద పారించేవాడు. పొద్దుటినుంచీ ఈ భాగంలో పనంతా చిట్టి చేయించింది. ఎక్కడో ఒక చోట ఒక తప్పు దొరక్కపోదు. ఒక్కటి దొరికితే చాలు, వెనక్కెళ్లి ఇంతమంది ముందూ చూపించి ముఖం మీదే అడగొచ్చు.

కేబుల్ ఎక్కడా నేల తాకలేదు. కొక్కేల మీద వరసగా వేలాడుతోంది. వంపు తిరిగే చోట వదులుంచారు, బండి రాసుకునే చోట పైకెత్తి కట్టారు. బాబాయి మొహం మాడ్చుకున్నాడు.

"ఎంత బాగా కట్టించిందో చూశావా?" అన్నాడు ముక్కు, పైకప్పు దగ్గర మీటరు పెట్టి గ్యాసు చూస్తూ.

"కొక్కేలకి తగిలించడం ఓ గొప్పా?"

మొదటి స్విచ్చి పెట్టె దగ్గర ఆగాడు. గనిలో వాడే పెట్టెలు మామూలువి కావు, మందపాటి ఇనుపవి. బొగ్గు పొరల్లోంచి గ్యాసు ఊరుతూనే ఉంటుంది. పెట్టె లోపల ఎప్పుడైనా నిప్పురవ్వ లేచి, చేరిన గ్యాసు అంటుకున్నా ఆ మంట బయటికి రాకూడదు. మూతకీ పెట్టెకీ మధ్య సందు ఎంత సన్నగా ఉండాలంటే, అందులోంచి దూరి వచ్చేలోపు మంట చల్లారిపోవాలి. ఒక్క బోల్టు వదులైనా ఆ సందు పెరుగుతుంది. చిట్టి చిన్నప్పుడు ఇదేమిటని అడిగితే బాబాయి చెప్పాడు: "లోపల ఎంత గొడవైనా వీధిలోకి రాకూడదమ్మా. మీ అమ్మా నేనూ లేమూ?" వంటింట్లోంచి వెంటనే జవాబొచ్చింది: "వీధిలోకి రాకపోవడం నా గొప్ప, మీది కాదు!"

ఆయన జేబులోంచి సందు కొలిచే పలచటి ఇనుప రేకు తీశాడు. మూత అంచున పెట్టి తోశాడు. దూరలేదు. ఇంకో పక్క పెట్టాడు. దూరలేదు. ప్రతి బోల్టు మీదా, బిగించి చూశామన్న గుర్తుకి సుద్దముక్కతో గీత ఉంది. తరవాతి పెట్టె కూడా అంతే. ఆ తరవాతిదీ అంతే. ఎర్త్ తీగ చివరలు తోమి, బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు పూసి ఉన్నాయి.

"నత్త కోసం వెతుకుతున్నావా, పిల్ల మీద వంక కోసమా?" అన్నాడు ముక్కు.

"నోర్మూసుకుని నీ మీటరు చూసుకో."

పల్లంలో పంపు దగ్గరికొచ్చేసరికి బాబాయి మొహం వెలిగింది. పంపు పెట్టె మూతకి అడుగు వైపు బోల్టు మీద సుద్దగీత లేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. దీపం దగ్గరగా పట్టాడు. నిజంగానే లేదు.

"దొరికింది! చూడు ముక్కూ, చూడు! అన్నీ చేసి ఇది వదిలేసింది! ఇది చాలు పిల్ల పొగరు దించడానికి!" అని సంబరపడిపోతూ స్పానరు తీసి బోల్టుకి తగిలించి బిగించాడు. అది కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కదల్లేదు. పైనుంచి నీటి చుక్క ఒకటి ఆయన చేతి మీద పడింది. వేలితో బోల్టు అంచు తడిమాడు. వేలికి తెల్లగా సుద్ద తడి అంటింది. గీత గీసింది, నీళ్లు కడిగేశాయి.

బాబాయి స్పానరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఈ అడుగు బోల్టు ఎవరికీ కనపడదు. దీని కోసం బురదలో మోకాళ్లు ఆనించాలి. ఆయన చేతికింద పనిచేసిన ఎంతోమంది మగధీరులు ఈ ఒక్క బోల్టు దగ్గరే బద్ధకించి ఆయన చేత తిట్లు తిన్నారు. చిట్టి పొద్దున ఇంట్లో ఉతికిన డ్రెస్సు వేసుకుని బయల్దేరింది. ఇందాక పెట్టెకి వీపు ఆనించి నిలబడ్డప్పుడు ఆమె మోకాళ్ల దగ్గర బురద ఉంది. అప్పుడు ఆయన చూశాడు కానీ పట్టించుకోలేదు.

వంక దొరకనందుకు ఆయనకి కోపం రావాలి. రాలేదు. దానికి బదులు ఆ బోల్టుని బొటనవేలితో ఒకసారి నిమిరాడు. నా కూతురు, అనుకున్నాడు. ఈ పెట్టెలన్నీ రేపు నేను లేకపోయినా ఇలాగే ఉంటాయి. ఎవరొచ్చి తొందరపెట్టినా, మేనేజరొచ్చినా, కన్నతండ్రి వచ్చినా ఇలాగే ఉంటాయి.

"ఏడుస్తున్నావా?" అన్నాడు ముక్కు.

"పైనుంచి నీళ్లు పడుతున్నాయి, కనపట్లేదూ?"

"నీ కంట్లోనే పడుతున్నాయా?"

"పద, ఇక్కడెవడూ లేడు" అని బాబాయి లేచాడు. మోకాళ్ల బురద దులుపుకోలేదు.

* * *

వాళ్లు తిరిగి వచ్చేసరికి చిట్టి అక్కడే, అలాగే, పెట్టెకి వీపు ఆనించి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు విసుగొచ్చి నేల మీద చతికిలబడ్డారు. మేనేజరు గారు టెలిఫోన్ పెట్టేసి, "షిఫ్టు అయిపోయింది, పైన సైరన్ మోగిందట" అన్నారు నీరసంగా.

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే దూరంగా బండి వచ్చిన చప్పుడు, బూట్ల పరుగు. ముందు డ్రైవరు, వెనకాల నత్త. నత్త అంత వేగంగా పరిగెత్తడం గనిలో ఎవరూ చూసి ఉండరు. తల మీద దీపం ఉంది, మెడలో తాళంచెవి ఊగుతోంది.

"బాబాయి గారూ, నన్ను చంపెయ్యండి!" అన్నాడు రొప్పుతూ. "తప్పంతా నాదే. మీ ఆఖరి కేక అమ్మగారికి వినిపిద్దామనుకున్నామండి, నేనూ వీడూ. ఆవిణ్ణి పైన టెలిఫోన్ గదికి తీసుకొచ్చి, అక్కడినుంచి ఫోన్లో వినిపిద్దామని. మీకు తెలియకూడదని ఎవరికీ చెప్పలేదు. గబగబా వెళ్లి వచ్చేద్దామని దీపం ఇవ్వలేదు, తాళం తియ్యలేదు."

"మరి ఇంతసేపేంరా?"

"నేనేం చెయ్యనండీ! అమ్మగారు ఇంటికి తాళం వేశారు. నాలుగడుగులు వేశారు. వెనక్కెళ్లి లాగి చూశారు. వీధి చివరిదాకా వచ్చి మళ్లీ వెనక్కెళ్లారు, స్టవ్ ఆపారో లేదో చూడాలని. మళ్లీ తాళం, మళ్లీ లాగడం. మీ ఇంట్లో అందరికీ ఈ తాళాల పిచ్చి ఏంటండీ బాబూ!"

నవ్వులకి సున్నం రాలింది. మేనేజరు గారు కూడా నవ్వేశారు. చిట్టి నవ్వలేదు. "తాళం, దీపం ఆటవస్తువులు కాదు. రేపు పొద్దున మీతో మాట్లాడాలి" అంది నత్తతో. అంతకంటే గట్టిగా అనలేదు, కానీ నత్త తల నేలకి వాలిపోయింది. మెడలోని చెవితో తాళం తీసి ఆమెకి చూపించాడు. పెట్టె మీద ఇప్పుడు ఏమీ లేదు.

"అంటే, ఇందాక వాడు నిజంగానే పైనున్నాడన్నమాట" అన్నాడు గోడ వారనున్న ఒకడు. "కత్తిరించినా ఏమీ అయ్యేది కాదు. అనవసరంగా ఆపింది పాపం."

బాబాయి గిరుక్కున తిరిగాడు. "అనవసరంగానా? వాడు పైనున్నాడని ఇందాక ఆమెకి తెలుసా? నీకు తెలుసా? నాకు తెలుసా? ఏమీ కాలేదంటే అదీ పని! నా సర్వీసంతా ఏమీ కాకుండా చూడ్డమే నేను చేసింది. దానికి నువ్వు ఇవాళ చప్పట్లు కొట్టడానికొచ్చావు. నాకు కొట్టేవాడివి, ఆమెకి కొట్టవే?"

ముక్కు మీటరు చూసి, గ్యాసు లేదు, ఇవ్వొచ్చన్నాడు. మేనేజరు గారు బాబాయి భుజం మీద చెయ్యేశారు. "రండి బాబాయి గారూ. షిఫ్టు కాస్త దాటితే ఏం? మీ స్విచ్చి మీదే."

నత్త ఫోన్ తీసి, పైన టెలిఫోన్ గదిలో కూర్చోబెట్టి వచ్చిన ఆవిడతో, "అమ్మగారూ, లైన్లో ఉండండి" అన్నాడు.

బాబాయి పెట్టె వైపు చూశాడు. హ్యాండిల్ చేతులతో అరిగి మెరుస్తోంది. ఆ మెరుపులో తన చేతులవాటా ఎక్కువే. ఆయనకి ఎంత ఆశగా ఉందంటే అరచేయి దురద పెట్టింది. చిట్టి ఆయన వంకే చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇందాక అంతమందికి అడ్డం నిలిచిన మనిషి పక్కకి జరిగి హ్యాండిల్ దారి వదిలింది.

"నాన్నా, రండి" అంది. గనిలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

బాబాయి ఒక అడుగు ముందుకేశాడు. కాలి కింద పసుపు గీత కనిపించింది. ఆగాడు. ఆ అడుగు వెనక్కి తీసుకుని, గీతకి ఇవతల, బొగ్గు ఎత్తేవాళ్ల వరసలో నిలబడ్డాడు.

"ఇక్కడ నాన్నలెవరూ లేరు" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "షిఫ్టు దిగినవాడు పెట్టె ముట్టుకోకూడదు. పర్మిట్ మీది. పంపు పెట్టె అడుగు బోల్టు నేను చూసొచ్చాను. బ్రహ్మాండంగా ఉంది. కరెంటివ్వండి సూపర్‌వైజర్ గారూ."

చిట్టి ఆయన మోకాళ్ల వైపు చూసింది. అక్కడ కూడా బురద ఉంది. ఆమెకి అర్థమైంది. చేత్తో కళ్లు తుడుచుకుంటే బొగ్గు మసి చెంప మీదకి సాగింది. పెట్టె వైపు తిరిగింది, తల పైకెత్తింది.

"కరెంటొస్తోందీ! పక్కకీ తప్పుకోండీ!"

'పక్కకి' దగ్గర ఆమె కూడా సాగదీసింది. స్నానాల గది తలుపు బయట ఎన్ని ఉదయాలు నిలబడి విందో మరి. బాబాయి పక్కనున్నవాడు కేక అందుకోబోయాడు. బాబాయి వాడి చెయ్యి పట్టుకుని ఆపి, ఆ కేక తనే అందుకున్నాడు. గొంతు పగిలేలా అరిచాడు. అక్కడినుంచి అది మనిషి నుంచి మనిషికి, చీకట్లోంచి చీకట్లోకి, బొగ్గు కోసే చోటు దాకా వెళ్లింది. కాసేపటికి 'సరే' అన్న మాట అదే దారిలో వెనక్కొచ్చింది. ఆఖరికి అది బాబాయి దగ్గరికి చేరింది.

"సరే" అన్నాడు కూతురితో.

చిట్టి హ్యాండిల్ తిప్పింది. దీపాలు వెలిగాయి. దూరంగా పంపు దగ్గింది, బెల్టు కదిలింది, నేల కాళ్ల కింద చిన్నగా అదిరింది. ఒక్క రిలే కూడా పడి సరఫరా ఆపలేదు. చప్పట్లు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా, అందరికంటే ఆఖరిదాకా కొట్టింది బాబాయే.

నత్త ఫోన్ తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"ముందు వినపడ్డ గొంతెవరిదండీ? మీది కాదే" అంది భార్య.

"మీ అమ్మాయిది. కరెంటిచ్చింది."

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "పాపం, స్నానాల గదిలో అంత గొంతు చించుకున్నారు" అంది ఆవిడ. తరవాత, ఇన్నేళ్లూ రోజూ అడిగిన మాటే, ఈసారి గని లోపలికి అడిగింది. "అందరూ బయటికొచ్చారా?"

బాబాయి చుట్టూ చూశాడు. షిఫ్టు వాళ్లంతా బండి వైపు కదులుతున్నారు. చిట్టి పెట్టె ముందు నిలబడి మీటర్లు చూస్తోంది. ఆయన మెడలో తాడు తడిమి చూసుకున్నాడు.

"వచ్చేస్తున్నారు" అన్నాడు. "ఇక ఆఖర్న నేనే. కంచం పెట్టు, వస్తున్నా."